పళ్ళెంలో మునిగిపోతున్న చెట్టు

కోనసీమలో పాత కాలువ లాకు గోడ గానీ, వంతెన ఖానా గానీ, పెచ్చులూడుతున్న ప్రహరీ గానీ చూడండి. ఎక్కడో ఒక పగులులో రావి మొక్క ఉంటుంది. పిట్ట రెట్టలో వచ్చిన గింజ సున్నం సందున మొలిచి, గుప్పెడు మట్టి కూడా లేని చోట ఏళ్ళ తరబడి బతుకుతుంది. శిశిరంలో ఆకు రాల్చి ఉగాది నాటికి రాగి రంగు చిగురు వేస్తుంది. దానికి ఎవరూ నీళ్ళు పోయరు, ఎరువు వేయరు. పీకేసినా మళ్ళీ వస్తుంది. అదే రావిని, లేదా దాని చుట్టాలైన మర్రినో జువ్వినో, పింగాణీ పళ్ళెం లాంటి కుండీలో పెట్టి, ఏరికోరి తెచ్చిన ఒండ్రు మట్టి పోసి, రోజూ పొద్దున్నే తప్పకుండా నీళ్ళు పోస్తుంటే ఏడాది తిరక్కుండానే ఆకులు పండుబారి రాలిపోవడం మొదలవుతుంది.

గోడ పగులులో రావికి దొరికేది, పళ్ళెంలో దొరకనిది వేర్లకు గాలి. జబ్బుపడిన బొన్సాయ్‌ను బతికించుకోవాలనే కొత్తవారు ముందుగా తెలుసుకోవలసింది ఇదే. మన ప్రాంతంలో బొన్సాయ్‌లు ఎండి చనిపోవడం తక్కువ. ఎక్కువగా మునిగి చనిపోతాయి. ఆ మునక పైకి కనిపించదు. కుండీ పైమట్టి ఆరినట్టే ఉంటుంది, అడుగున వేర్లు మురిగిపోతుంటాయి.

రావులపాలెం దగ్గర గౌతమి వంతెన దాటి, జొన్నాడ మీదుగా రాజమహేంద్రవరం వైపు వెళితే జాతీయ రహదారికి అటూ ఇటూ కడియపులంక, కడియం నర్సరీలు వరుసగా ఉంటాయి. అమలాపురం, రాజోలు, కొత్తపేట ఇళ్ళలోకి వచ్చే బొన్సాయ్‌లలో చాలావాటికి పుట్టిల్లు ఆ నర్సరీలే. మొదలు దుంపలా ఉబ్బి, పైన చిన్న చిన్న ఆకులతో గుబురుగా ఉండే ‘జిన్సెంగ్ ఫైకస్’ను కొత్తవారు ఎక్కువగా కొంటారు. అదీ జువ్వి జాతిదే. దుంపలా కనిపించేది లావెక్కిన వేరు. చిన్నాకుల కొమ్మల్ని దాని మీద అంటు కడతారు. ఇది కాక అడీనియం, బోగన్‌విలియా, మర్రి, రావి, చింత కూడా దొరుకుతాయి. ఇవన్నీ మన ఎండలకు, మన ఉక్కపోతకు అలవాటు పడగలిగినవే. జూనిపర్, పైన్ జాతుల సంగతి వేరు. వాటికి చలికాలంలో కొన్నాళ్ళు నిద్ర కావాలి. ఆ చలి కోనసీమలో రాదు. పైగా జూనిపర్ చనిపోయాక కూడా వారాల తరబడి పచ్చగానే కనిపిస్తుంది. అది జబ్బుపడిందని మీరు గుర్తించేసరికే చాలా ఆలస్యమై ఉంటుంది. మొదటి బొన్సాయ్‌గా దాన్ని కొనవద్దనే నా సలహా.

బొన్సాయ్ పొట్టి జాతి చెట్టు కాదు. అదే గింజను పొలం గట్టున నాటితే మానవుతుంది. వేర్లకు తక్కువ చోటిచ్చి, కొమ్మ చివుళ్ళు గిల్లుతూ, ఆకుల సంఖ్యను అదుపులో ఉంచుతూ దాన్ని చిన్నగా నిలుపుతారు. ఈ కళ చాలా పాతది. చైనాలో 706 నాటి యువరాజు ఝాంగ్‌హ్వాయ్ సమాధి గోడ మీద, పళ్ళెంలో చిన్న మొక్కల్ని, రాళ్ళను మోసుకెళ్తున్న సేవకుల చిత్రం ఉంది. జపాన్‌లో 1625 నుంచి కుండీలో పెరుగుతున్న ఒక తెల్ల పైన్ చెట్టు, 1945 ఆగస్టులో హిరోషిమా మీద అణుబాంబు పడినప్పుడు అక్కడికి మూడు కిలోమీటర్ల దూరంలో ఒక గోడ చాటున ఉండి బతికింది. దాని యజమానులైన యమాకి కుటుంబం 1976లో దాన్ని అమెరికాకు బహుమతిగా ఇచ్చింది. ఇవాళ వాషింగ్టన్‌లోని జాతీయ బొన్సాయ్ మ్యూజియంలో పచ్చగా ఉంది. నాలుగు వందల ఏళ్ళు ఒక చెట్టు కుండీలో బతకగలిగిందంటే, చెట్లను చంపేది కుండీ ఒక్కటే కాదని అర్థం. ఆ కుండీలో ఏం పోస్తున్నాం, ఎంత పోస్తున్నాం అన్నదే లెక్క.

రావి, మర్రి, జువ్వి జాతుల గింజలు చాలాసార్లు నేల మీద మొలవవు. మరో చెట్టు కొమ్మల సందున, తాటిమట్టల మొదళ్ళలో పోగైన చెత్తలో మొలుస్తాయి. తాటిచెట్టును చుట్టుకుపోయిన మర్రిని గోదావరి జిల్లాల్లో చూడనివారుండరు. వేరు కిందికి జారి నేలను అందుకునే దాకా ఆ మొక్క బాల్యమంతా గాలిలోనే, తడుస్తూ ఆరుతూ గడుస్తుంది. అందుకే ఈ కుటుంబం బొన్సాయ్‌కి అంత బాగా లొంగుతుంది. వేరుకు చోటు తక్కువైనా ఓర్చుకుంటుంది, ఒకపూట నీళ్ళు తప్పినా ఓర్చుకుంటుంది. ఇరుకు కుండీలో రోజుల తరబడి ఆరని తడిని మాత్రం ఓర్చుకోలేదు.

ఎందుకంటే వేరు కూడా ఊపిరి తీసుకుంటుంది. ఆకు తయారు చేసిన చక్కెర కిందికి దిగి వేరు కణాలకు చేరుతుంది. అవి ఆక్సిజన్‌తో దాన్ని మండించి శక్తి తీస్తాయి. మట్టిలోని పోషకాలను లోపలికి లాగడానికీ, కొత్త వేరు కొసలు పెంచడానికీ ఆ శక్తే ఆధారం. మట్టి రేణువుల మధ్య సందుల్లో గాలి ఉంటే ఆక్సిజన్ సులువుగా చేరుతుంది. ఆ సందులు నీటితో నిండితే కథ మారుతుంది. నీటిలో ఆక్సిజన్ వ్యాపించే వేగం గాలిలో కంటే దాదాపు పది వేల రెట్లు తక్కువ. వేడి దీన్ని మరింత దిగజారుస్తుంది. 10 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. అదే సమయంలో వేడి పెరిగే కొద్దీ వేరు ఊపిరి అవసరం పెరుగుతుంది. చల్లటి దేశంలో తడి కుండీ మొక్క కొన్నాళ్ళు నెట్టుకొస్తుందేమో గానీ, మే నెల అమలాపురంలో డాబా మీది తడి కుండీకి అంత వ్యవధి ఉండదు.

ఊపిరాడని వేరు కణం లోపల ఆమ్లత పెరుగుతుంది. కణపు పొరలో నీటిని లోనికి పంపే ప్రొటీన్ ద్వారాలుంటాయి, వాటి పేరు ఆక్వాపోరిన్లు. వీటిని కనిపెట్టినందుకే పీటర్ ఏగ్రీకి 2003లో రసాయనశాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది. ఆమ్లత పెరగగానే ఆ ద్వారాలు మూసుకుంటాయి. చుట్టూ నీళ్ళున్నా వేరు తాగలేదు. పైన ఆకు నుంచి ఆవిరి పోతూనే ఉంటుంది కాబట్టి ఆకు వాడుతుంది. కొత్తవారు సరిగ్గా ఇక్కడే పొరబడతారు. ఆకు వాడింది కదా, దాహం అనుకుని ఇంకో చెంబు పోస్తారు. తడి చాలక వాడిన ఆకూ, తడి ఎక్కువై వాడిన ఆకూ చూడడానికి ఒకేలా ఉంటాయి. తేడా తెలిసేది మట్టిలో వేలు పెట్టినప్పుడే.

మరి వరి నెలల తరబడి నీళ్ళలో నిలబడుతుంది కదా అంటారా? వరి వేరు లోపల గాలి గదులు ఉంటాయి, ఆకు పీల్చిన ఆక్సిజన్ వాటి గుండా వేరు కొస దాకా దిగుతుంది. కోరింగ మడ అడవిలో మడచెట్ల ఊపిరి వేర్లు బురదలోంచి పైకి పొడుచుకొస్తాయి. రావికి, జువ్వికి ఇలాంటి ఏర్పాటు లేదు.

ఇక మట్టి సంగతి. గౌతమి, వసిష్ఠల మధ్య గోదావరి వేల ఏళ్ళుగా తెచ్చిపోసిన ఒండ్రు ఇది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు వచ్చాక ఈ నేలలో కొబ్బరి, వరి, అరటి ఎలా పండుతున్నాయో చెప్పనక్కరలేదు. ఇంత సారవంతమైన మట్టి పెరట్లోనే ఉండగా ఇంకొకటి వెతకడం ఎందుకని అనిపించడం సహజం. కానీ పొలంలో ఆ ఒండ్రు కింద మీటర్ల లోతున నేల ఉంది. నీరు కిందికి జారుతూ ఉంటుంది. కుండీ లోతు ఏడెనిమిది సెంటీమీటర్లు. నీరు జారడానికి కింద ఏమీ లేదు.

ఇక్కడ ఒక చిన్న భౌతికశాస్త్ర సూత్రం ఉంది, బొన్సాయ్ పెంపకంలో సగం గుట్టు దానిలోనే ఉంది. గిన్నెలు తోమే స్పాంజిని నీళ్ళలో ముంచి, పళ్ళెంలా అడ్డంగా పట్టుకోండి. కారవలసిన నీరు కారి ఆగిపోతుంది. ఇప్పుడు దాన్ని నిలువుగా తిప్పండి. మళ్ళీ నీరు కారుతుంది. స్పాంజి అదే, లోపలి నీరూ అదే. మారింది ఎత్తు ఒక్కటే. సన్నని సందులు నీటిని కేశాకర్షణతో పట్టి ఉంచుతాయి, కాబట్టి ఏ కుండీలోనైనా అడుగున కొంత మందాన నీరు దిగకుండా నిలబడిపోతుంది. ఆ పొర మందం కుండీ లోతు మీద ఆధారపడదు, రేణువుల మధ్య సందు ఎంత సన్నం అన్నదాని మీద ఆధారపడుతుంది. సందు సగమైతే పొర రెట్టింపవుతుంది. మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల గింజ రవ్వలో ఆ పొర రెండు మూడు సెంటీమీటర్లలోపే. బంక ఒండ్రులో అది పళ్ళెం ఎత్తును దాటిపోతుంది, అంటే కుండీ అడుగు నుంచి అంచు దాకా మొత్తం నీళ్ళే. అడుగున ఎన్ని రంధ్రాలున్నా ఫలితం లేదు. లోతైన బకెట్‌లో అదే మట్టిలో అదే మొక్క బతుకుతుంది, ఎందుకంటే అక్కడ ఆ పొర పైన గాలి ఉన్న మట్టి మిగులుతుంది.

కుండీ అడుగున గులకరాళ్ళు పరిస్తే నీరు బాగా దిగుతుందని మనవాళ్ళు గట్టిగా నమ్ముతారు. నిజానికి సన్నమట్టి పట్టుకున్న నీరు కింద ఉన్న పెద్ద సందుల్లోకి దిగదు, రాళ్ళ పైనే ఆగుతుంది. కాబట్టి రాళ్ళు పరిచినంత మేరా మునక పొర పైకి, వేర్ల వైపు జరుగుతుంది. రంధ్రం మీద మట్టి జారకుండా ఒక పెంకు ముక్కో జాలీ ముక్కో చాలు.

ఇప్పుడు మీ ముందున్న జబ్బు చెట్టు దగ్గరికి వద్దాం. అన్నిటికంటే ముందు అది బతికుందో లేదో చూడాలి. సన్న కొమ్మ చివర బెరడును గోటితో గీరండి. కింద పచ్చగా, తడిగా ఉంటే ఆ కొమ్మ బతికుంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఇంకాస్త కిందికి, మొదలు వైపు వచ్చి మళ్ళీ గీరండి. మర్రి, రావి, జువ్వి అయితే మరో సౌలభ్యం ఉంది. గీరిన చోట పాలు వస్తే అక్కడ ప్రాణం ఉన్నట్టే. నీరసించిన చెట్టులో పాలు తక్కువ రావచ్చు, కాబట్టి పాలు లేవని వెంటనే ఆశ వదులుకోవద్దు. ఆ పాలు కంట్లో పడకుండా, చర్మానికి అంటకుండా చూసుకోండి. జిన్సెంగ్ ఫైకస్‌కైతే దుంపను బొటనవేలితో నొక్కండి. గట్టిగా ఉంటే మంచిదే. మెత్తగా దిగిపోతే లోపల కుళ్ళు మొదలైంది. పైన అంటు కొమ్మలన్నీ ఎండిపోయి దుంప నుంచి పెద్ద ఆకులతో కొత్త కొమ్మలు వస్తుంటే, చనిపోయింది అంటు మాత్రమే. కింది చెట్టు బతికే ఉంది. దాన్ని కొత్త బొన్సాయ్‌గా మలుచుకోవచ్చు.

తరువాత తడి. కొబ్బరి చీపురు పుల్ల ఒకటి తీసుకుని, వేర్లకు పక్కగా కుండీ అడుగు దాకా గుచ్చి అరగంట ఉంచి లాగండి. పైన పొడిగా, అడుగున తడిసి నల్లబారి వస్తే పైమట్టి మిమ్మల్ని మోసం చేస్తోందని తెలుస్తుంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. మురుగు కాలువ కంపు వస్తే అడుగున గాలి అయిపోయి, గాలి అక్కరలేని బాక్టీరియా రాజ్యం నడుస్తోంది. ఈ రెండూ లేకుండా, మట్టి ఆరుతూ, వేర్లు గట్టిగా ఉండి, ఆకులు మాత్రం రాలుతుంటే చెట్టును చోటు మార్చారేమో గుర్తు చేసుకోండి. ఆరుబయట మిట్టమధ్యాహ్నం వెలుగు లక్ష లక్స్ దాకా ఉంటుంది. హాల్లో టీవీ పక్కన రెండు మూడు వందలు కూడా కష్టమే. మన కంటికి ఆ తేడా తెలియదు, ఆకుకు తెలుస్తుంది. ఆ కొద్దిపాటి వెలుగులో ఆకు తన ఖర్చుకు సరిపడా కూడా సంపాదించలేదు, అందుకని చెట్టు దాన్ని వదిలేస్తుంది. అలాంటి చెట్టుకు మందులేవీ అక్కరలేదు, వరండా చాలు. ఒక్కసారిగా ఎండలోకి తెస్తే నీడలో పుట్టిన పలచటి ఆకులు మాడిపోతాయి. రెండు మూడు వారాలు మెల్లగా అలవాటు చేయండి.

కంపు వచ్చిందంటే మాత్రం ముహూర్తాలు చూడకుండా చెట్టును బయటికి తీయాలి. ఆరోగ్యంగా ఉన్న చెట్టుకు కుండీ మార్చాలంటే మృగశిర, ఆరుద్ర కార్తెల్లో, గాలిలో తేమ పెరిగాక మార్చడం మేలు. రోహిణి ఎండల్లో ఆ పని పెట్టుకోకూడదు. కుళ్ళుతున్న చెట్టు విషయంలో అలా ఆగడం కుదరదు. కుండీ పక్కల్ని తట్టి చెట్టును లేపి, బకెట్ నీళ్ళలో అటూ ఇటూ ఆడించి మట్టి వదిలించండి. నర్సరీ నుంచి వచ్చిన బంకమట్టి ముద్ద మధ్యలో అలాగే ఉండిపోయి ఉంటుంది. బయట ఎంత మంచి రవ్వ పోసినా ఆ ముద్ద లోపల మొదటి వేర్లు ఊపిరాడక కుళ్ళుతుంటాయి. ఓపిగ్గా పుల్లతో కదిపి ఆ ముద్దను తీసేయాలి.

వేర్లను ఒక్కొక్కటిగా చూడండి. గట్టిగా, లేత రంగు కొసతో ఉన్నది బాగుంది. నల్లగా, మెత్తగా ఉన్నదాన్ని వేళ్ళతో పట్టి లాగితే పైతోలు జారిపోయి లోపలి సన్నటి తీగ ఒక్కటే చేతిలో మిగులుతుంది. అది చనిపోయిన వేరు. స్పిరిట్‌తో తుడిచిన పదునైన కత్తెరతో, ఆరోగ్యమైన భాగం కనిపించే దాకా కత్తిరించండి. ఇలాంటి కుళ్ళుకు చాలాసార్లు కారణం పిథియం, ఫైటాఫ్తోరా అనే సూక్ష్మజీవులు. ఇవి బూజుల్లా కనిపిస్తాయి గానీ అసలు శిలీంధ్రాలు కావు. గోధుమ రంగు సముద్రపు నాచులకు దగ్గర బంధువులు. నీటిలో ఈదే బీజాలతో వ్యాపిస్తాయి. అందుకే దుకాణాల్లో సాధారణంగా చేతికిచ్చే కార్బెండజిమ్ వీటి మీద పనిచేయదు, మెటలాక్సిల్ పనిచేస్తుంది. అయినా ఏ మందైనా రెండో మెట్టే. గాలి దొరకని వేరుకు మందు పోసినంత మాత్రాన ఊపిరి రాదు.

తిరిగి నాటడానికి రవ్వ కావాలి. జపాన్‌వాళ్ళు అగ్నిపర్వతపు బూడిద నుంచి ఏర్పడిన అకడామా అనే గుళికల మట్టిని వాడతారు. మనకు ఇటుక బట్టీలున్నాయి. బాగా కాలిన ఇటుకను కొట్టి, జల్లెడ పట్టి, మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల ముక్కల్ని ఉంచుకుని, పొడిని పూర్తిగా పారేయాలి. సగం కాలిన ఇటుక పనికిరాదు, నెలల్లో కరిగి మళ్ళీ బంకవుతుంది. మూడు వంతుల ఇటుక రవ్వకు ఒక వంతు ముతక గోదావరి ఇసుక, ఒక వంతు బాగా చివికిన పశువుల ఎరువు. వేర్లు కుళ్ళిన చెట్టుకైతే ఆ ఎరువు కూడా తీసేసి రవ్వ, ఇసుకలతోనే నాటండి. అంబాజీపేట చుట్టుపక్కల డొక్క నుంచి పీచు తీసే చోట్ల కొబ్బరి పొట్టు గుట్టలు గుట్టలుగా దొరుకుతుంది కదా, అదెందుకు వద్దని అడుగుతారు. కొబ్బరి పొట్టు తన బరువుకు ఎన్నో రెట్లు నీరు పట్టుకుంటుంది. లోతైన కుండీలో అది గుణం, పళ్ళెంలో అదే ముప్పు. పైగా పచ్చి పొట్టులో సోడియం, పొటాషియం లవణాలు ఎక్కువ. వాడాలనుకుంటే మంచినీళ్ళలో నానబెట్టి, పిండి, నీరు మార్చి మళ్ళీ మళ్ళీ కడిగి, పదింట ఒక వంతుకు మించకుండా కలపండి.

నాటాక చెట్టు కదలకుండా రాగి తీగతోనో కొబ్బరి తాడుతోనో కుండీ రంధ్రాలకు కట్టేయాలి. గాలికి మొదలు ఊగిన ప్రతిసారీ అప్పుడే పుడుతున్న వేరు కొసలు తెగిపోతాయి. ఆకుల్ని, కొమ్మల్ని మాత్రం వదిలేయండి. వేర్లు తగ్గాయి కాబట్టి పైన కూడా బాగా కత్తిరించాలని చాలామంది అంటారు. కానీ కొత్త వేరు పుట్టడానికి కావలసిన చక్కెర ఆకు నుంచే రావాలి, వేరు పుట్టమని చెప్పే ఆక్సిన్ హార్మోన్ చిగుళ్ళ నుంచే దిగాలి. చచ్చిన కొమ్మల్ని తీసేయండి, బతికున్న వాటిని ముట్టుకోవద్దు. ఆకుల నుంచి తేమ పోకుండా పలుచటి పాలిథీన్ సంచిని కొమ్మల మీద వదులుగా కప్పి, తూర్పు వరండాలో, నేరుగా ఎండ తగలని వెలుతురులో ఉంచండి. డాబా గచ్చు మీద కుండీని నేరుగా పెట్టకండి. మధ్యాహ్నం గచ్చు వేడికి లోతులేని కుండీలో వేర్లు ఉడికిపోతాయి. రెండు ఇటుకలు పెట్టి, లేదా చెక్క బల్ల మీద ఎత్తుగా ఉంచితే కింద గాలి ఆడుతుంది.

నీళ్ళు పోయడం మానేయమని కాదు. రవ్వలో నాటిన చెట్టుకు ఎండాకాలం రోజుకు రెండుసార్లు కూడా పోయవలసి రావచ్చు. పోసినప్పుడు అడుగు రంధ్రాల నుంచి ధారగా వచ్చే దాకా పోయాలి. ఆ నీరు దిగుతూ పైనుంచి కొత్త గాలిని లోపలికి లాగుతుంది. పోశాక కుండీని ఒక అంచు పైకెత్తి వాలుగా కాసేపు ఉంచండి. స్పాంజిని నిలువుగా తిప్పినప్పుడు జరిగినదే ఇక్కడా జరుగుతుంది, నిలిచిపోయిన నీటిలో కొంత కారిపోతుంది. కుండీ కింద నీళ్ళ పళ్ళెం పెట్టకండి. రోజుకు ఒక గ్లాసు అని లెక్క కట్టుకుని పోసేవారి చెట్లలో పైన తడి, మధ్యలో పొడి, అడుగున మురుగు కలిసి ఉంటాయి.

ఏ నీరు అన్నది కూడా కోనసీమలో చిన్న ప్రశ్న కాదు. సఖినేటిపల్లి, మలికిపురం, అల్లవరం, కాట్రేనికోన వైపు సముద్రానికి దగ్గరయ్యే కొద్దీ చాలా చోట్ల భూగర్భజలం ఉప్పగా ఉంటుంది. ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక అదే దిక్కవుతుంది. కొబ్బరికి ఉప్పుతో పేచీ లేదు, చెట్టు మొదట్లో ఉప్పు వేసే అలవాటు కూడా మన రైతులకుంది. క్లోరైడ్ కొబ్బరికి నిజంగా పోషకమే. ఫైకస్‌కు ఆ ఓర్పు లేదు. ఆకు అంచులు, కొసలు గోధుమ రంగులో కాలినట్టు ఎండి, మధ్య భాగం పచ్చగానే ఉంటే ఉప్పును అనుమానించండి. సాగునీటికి విద్యుత్ వాహకత మీటరుకు 0.7 డెసిసీమెన్స్ లోపు ఉంటే భయం లేదని, 3 దాటితే తీవ్రమైన ఇబ్బందని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రమాణం. కుండీ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం, ఎందుకంటే నీరు ఆవిరైన ప్రతిసారీ ఉప్పు అక్కడే మిగిలిపోతుంది. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు దాటి వాన పడే ప్రాంతం మనది. డాబా నీళ్ళు ఒక డ్రమ్ములో పట్టుకుంటే రెండు మూడు కుండీలకు వేసవి చాలావరకు గడుస్తుంది. వానాకాలంలో ఒకటి రెండుసార్లు జోరు వానలో కుండీని వదిలేస్తే పేరుకున్న లవణాలు కడుక్కుపోతాయి.

నీరసంగా ఉంది కదా అని బలం పెట్టబోవడం రెండో పెద్ద పొరపాటు. డీఏపీ, యూరియా గింజలు వేర్లు లేని చెట్టు చుట్టూ లవణ సాంద్రత పెంచి, ఉన్న కాస్త నీటినీ బయటికి లాగుతాయి. బియ్యం కడిగిన నీళ్ళు, బెల్లం నీళ్ళు, పుల్ల మజ్జిగ లాంటివి పెరటి మొక్కలకు పోస్తాం. లోతులేని కుండీలో అవి సూక్ష్మజీవులకు విందు. ఆ విందు అరిగించుకోవడానికి అవి వాడుకునేది వేర్లకు మిగిలిన ఆ కాస్త ఆక్సిజన్‌నే. కోలుకునే దాకా మంచినీళ్ళు తప్ప ఏదీ వద్దు.

చెట్టును కొబ్బరి చెట్ల నీడలో పెట్టేవారికి ఒక మాట. ఆకుల మీద నల్లటి మసి కనిపిస్తే పైకి చూడండి. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చిలో మొదట బయటపడిన సర్పిలాకార తెల్లదోమ తరువాత మన తోటలకూ వచ్చింది. కొబ్బరి మట్టల కింద అది విసర్జించే తీపి జిగురు కిందున్న మొక్కల ఆకుల మీద పడుతుంది, దాని మీద మసిబూజు పెరిగి వెలుగును అడ్డుకుంటుంది. మసి ఆకును తినదు. తడిగుడ్డతో తుడిచి, చెట్టు చోటు మార్చి, అవసరమైతే లీటరుకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనెను కొద్దిగా సబ్బుతో కలిపి చల్లితే సరిపోతుంది. గట్టి పురుగుమందులు కొడితే తెల్లదోమను అదుపులో ఉంచే ఎన్‌కార్సియా అనే చిన్న పరాన్నజీవి కందిరీగలు కూడా పోతాయి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం ఇలాంటి జీవ నియంత్రణ మీదే పనిచేస్తోంది, కొబ్బరి రైతులు అక్కడికి వెళ్ళే అలవాటు బొన్సాయ్ పెంచేవారికీ ఉంటే మంచిది. జువ్వి ఆకులు మధ్యకు ముడుచుకుని లోపల ఎర్రటి మచ్చలతో ఉంటే అది తామర పురుగు. ముడుచుకున్న ఆకుల్ని గిల్లి కాల్చేయండి.

రెండు మూడు వారాల్లో చిగురు కనిపించవచ్చు. అందరూ సంబరపడేది అప్పుడే, తొందరపడి ఎండలోకి తెచ్చి ఎరువు వేసేదీ అప్పుడే. ఆ చిగురు వేర్లు కోలుకున్నాయని చెప్పదు. మొదలులో, లావు వేర్లలో దాచుకున్న పిండి పదార్థంతోనే చెట్టు ఆ తొలి చిగురు వేయగలదు. నరికి పడేసిన మునగ కొమ్మ కూడా వేర్లు లేకుండానే నాలుగు ఆకులు వేస్తుంది. ఆ నిల్వ అయిపోయేలోగా కొత్త వేర్లు రాకపోతే చిగురు వాడిపోతుంది, చెట్టు మరి లేవదు. తొలి ఆకులు విచ్చుకుని, ముదిరి, వాటి పైన రెండో విడత చిగురు వచ్చినప్పుడు వేర్లు పనిలో పడ్డాయని నమ్మండి. పాలిథీన్ సంచిని అప్పుడు తీసి, రోజుకు గంట చొప్పున ఎండకు అలవాటు చేసి, నెల తరువాత చివికిన వేపపిండి చిటికెడుతో మొదలుపెట్టండి. తీగలు చుట్టి కొమ్మలు వంచడం, ఆకృతి దిద్దడం మరుసటి ఏటి పని.

మొదలు మెత్తబడి, కుళ్ళు పైకి పాకుతూ, ఒకటో రెండో కొమ్మల్లో మాత్రమే పాలు వస్తున్న చెట్టును మొత్తంగా కాపాడలేం. ఆ కొమ్మల్ని కాపాడొచ్చు. మర్రి, జువ్వి కొమ్మలు వానాకాలంలో సులువుగా వేరు పోస్తాయి. పెన్సిలంత లావు కొమ్మను కోసి, పాలు కడిగి, గంటసేపు నీడలో ఆరబెట్టి తడి ఇసుకలో గుచ్చితే చాలు. రావి అంత సులువుగా లొంగదు, దానికి గుటీ కట్టడం మేలు. జామకు, నిమ్మకు కట్టినట్టే. వేలెడు లావున్న కొమ్మ మీద రెండు సెంటీమీటర్ల మేర బెరడును చుట్టూ ఒలిచి, లోపలి జిగురు పొరను గీరేసి, కడిగిన కొబ్బరి పీచును తడిపి చుట్టి పాలిథీన్‌తో బిగించండి. లోపలి కొయ్య గుండా నీరు పైకి ఎక్కుతూనే ఉంటుంది, బెరడు గుండా దిగే చక్కెర, ఆక్సిన్ మాత్రం కోత దగ్గర ఆగి పోగవుతాయి. ఆరుద్రలో కట్టిన గుటీలో నెలన్నర రెండు నెలల్లో పాలిథీన్ లోంచి తెల్లటి వేర్లు కనిపిస్తాయి. అవి గోధుమ రంగుకు తిరిగే దాకా ఆగి, కింద కోసి, ఈసారి ఇటుక రవ్వలో నాటండి.